స్వదేశీ విమానము : దోషపరీక్ష

అనంతపురము జిల్లా వజ్రకరూరులో తొలకరి చినుకు పడగానే చుట్టుపట్ల జనులు రాళ్ళు వెదకుటకై చేలమీదికి పోవుదురు. కరవుసీమ గనుక, వేరుసెనగ పండనియేట దొరకిన వజ్రమే గతియను ఆశ. దొరకినవాడు మెరుపును జూచి మురియును. కొనవచ్చిన వర్తకుడు మొదట మచ్చను వెదకును. ఇది నేటి వాడుక గాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షను చెప్పుచు గుణములతోపాటు దోషములను గూడ పేరుపేరున ఎన్నినాడు. మన యంత్రములకును ఇట్టి పరీక్షయే కావలెనని మేము చెప్పుటకు హెచ్.పి.టి.-32 శిక్షణవిమానము కథయే కారణము.

దీనికి దీపక్ అని పేరు. హిందూస్థాన్ ఏరోనాటిక్సువారి నిర్మాణము. 1977 జనవరి 6వ తేదీన తొలిసారి ఎగిరినది. మన వైమానికదళమున చేరిన యువకులు పెక్కేండ్లు దీనిమీదనే ఓనమాలు దిద్దిరి. కాని దీనికొక రోగము కలదు: ఆకాశమధ్యమున ఇంజను ఆగిపోవుట. దాని సేవాకాలమున 17 ప్రమాదములు జరిగెను. 19 మంది వైమానికులు మరణించిరి. 2009 జూలై 31న మెదకు జిల్లాలో ఇద్దరు శిక్షకులు చనిపోయిన పిమ్మటగాని ఈ విమానములను నేలపై నిలుపలేదు.

ఇట్టి చిన్న ఇంజనులలో ఒక్కొక్క సిలిండరునకు రెండేసి స్పార్కు ప్లగ్గులుండును. ఒకటి చెడిన రెండవది నడుపును. ఇంధనమే అందనినాడు రెండును నిష్ప్రయోజనములు. అంతమాత్రమున విమానము రాయివలె పడదు. ఎత్తును ఖర్చుపెట్టి వేగమును నిలుపుకొనుచు జారును. పైలటు ముక్కును క్రిందికి వంచి, ఎదుట కనబడిన మైదానమున దింపవలెను. తక్కువ ఎత్తులో నున్నపుడు వెనుకకు మరలి విమానాశ్రయము చేరుదమను ఆశయే ఎందరినో చంపినది. ఆ మలుపులోనే రెక్కలు గాలిపట్టు వదలును. వజ్రకరూరువంటి చెట్టుచేమలు పలుచని మెట్టనేలపైనయినచో ప్రాణములు దక్కవచ్చును. హైదరాబాదు పరిసరములందలి బండరాళ్ళ నడుమ, ఇండ్ల నడుమ అంత చోటేది? వ్యవధియా, క్షణములు. ఆ క్షణములలో నిర్ణయింపవలసినవాడు నిన్న మొన్న నేర్వవచ్చిన పిల్లవాడు!

స్వదేశీ వస్తువును విమర్శించుట దేశద్రోహమని ఎంచువారు కలరు. మాకును స్వదేశీయే వ్రతము. అయినను రోగము కుదరకయే ఎగిరినందువలన జరిగినదేమి? దీపక్ మూలబడినది. కొన్నేండ్లు కిరణ్ జెట్టులమీదనే తొలిపాఠములు చెప్పవలసివచ్చెను. 2012లో స్విట్జర్లాండునుండి 75 పిలాటస్ విమానములు కొనుటకు ఒప్పందమైనది. స్వదేశీ విమానము ఖాళీచేసిన పీటమీద విదేశీ విమానము వచ్చి కూర్చున్నది! పోనీ, అది కూలదా? 2023 డిసెంబరు 4న తూప్రాను చెంత పిలాటస్ కూలి ఇద్దరు వైమానికులు మరణించిరి.

ఇప్పుడు మరల మన హెచ్.టి.టి.-40 వచ్చినది. 2016 మే 31న తొలిసారి ఎగిరినది. 2023లో 70 విమానములకు ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నది. ఇంజను మాత్రము అమెరికాలోని హనీవెల్ కంపెనీవారిది. మేము సంతోషించుచున్నాము, ఆ సంతోషముతోనే ఒక్కటి అడుగుచున్నాము. వైమానికదళపు విచారణ నివేదికలు సాధారణముగ ప్రజలకు వెల్లడికావు. ఈ విమానమున ఇంజను ఆగిన ప్రతి సందర్భమును, దాని కారణమును, చేసిన మరమ్మతును ఏటేట పార్లమెంటు ముందుంచవలెను. ప్రాణము పోయినప్పుడే గాదు, పైలటు క్షేమముగ దిగివచ్చినప్పుడు గూడ.