వందన సమర్పణ నేర్పిన బడులు

ఇరవయ్యో శతాబ్ది నడిమి దశకాల్లో కృష్ణా డెల్టా హైస్కూళ్లలో పాఠాలతో పాటు సారస్వత సంఘం, వక్తృత్వ సంఘం, నాటక సమాజం, స్కౌటు దళం, జూనియర్ రెడ్‌క్రాస్, ఎన్.సి.సి. వంటి విద్యార్థి సంఘాలు నడిచేవి. పాత విద్యార్థుల సమ్మేళనాల్లో ఎంతో ఆప్యాయంగా తలచుకునే ఈ సంఘాలకు విద్యాచరిత్ర గ్రంథాల్లో దక్కిన చోటు మాత్రం స్వల్పం. అదే కాలంలో అమెరికా హైస్కూళ్లలో వర్ధిల్లిన క్లబ్బులను, ‘ఆనర్ సొసైటీ’లను వీటి పక్కన పెట్టి చూస్తే, ప్రతిభను గౌరవించే తీరులోనూ, పదిమంది ఒక సంఘంగా కూడే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందన్న విషయంలోనూ రెండు సమాజాల మధ్య ఉన్న తేడా తేటపడుతుంది.

చదువులోను, నడవడిలోను మేటి అనిపించుకున్న విద్యార్థులను ఉపాధ్యాయులే ఎంపికచేసి సభ్యత్వమిచ్చే సంఘాన్ని అమెరికాలో ఆనర్ సొసైటీ అంటారు. కళాశాలల్లో ఈ ఆచారం 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా సంఘంతో మొదలైంది. హైస్కూళ్ల కోసం 1921లో అక్కడి ప్రధానోపాధ్యాయుల జాతీయ సంఘం ‘నేషనల్ ఆనర్ సొసైటీ’ని నెలకొల్పి, విద్య, సేవ, నాయకత్వం, శీలం అనే నాలుగు గుణాలను కొలబద్దగా పెట్టింది. మంచి మార్కులు గడప వరకే తీసుకువెళ్లేవి. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది మిగిలిన మూడూ చూసి ఉపాధ్యాయుల కమిటీ తేల్చేది. బడిపత్రిక నడిపే పిల్లలకు 1926లో ‘క్విల్ అండ్ స్క్రోల్’, వ్యవసాయం చదివే పిల్లలకు 1928లో ‘ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా’, నాటకాలాడేవారికి 1929లో థెస్పియన్ సంఘం ఆ తర్వాత వరుసగా వచ్చాయి.

కృష్ణా డెల్టాలో ప్రతిభకు ఇలాంటి సభ్యత్వం లేదు, బోర్డు ఉండేది. మద్రాసు రాజధానిలో 1911 ప్రాంతంలో మొదలైన ఎస్.ఎస్.ఎల్.సి. అనే బడి ముగింపు పరీక్షను ఆఖరి తరగతి అయిన ఆరో ఫారం చివర రాసేవారు. ఏటా ఆ పరీక్షలో బడికి మొదటివాడుగా నిలిచిన విద్యార్థి పేరును ప్రధానోపాధ్యాయుని గదిలోనో, వరండాలోనో వేలాడే కొయ్య పలక మీద తెల్లరంగుతో రాయించే ఆచారం అనేక పాత హైస్కూళ్లలో సాగింది. ఏడాదికి ఒక వరుస, వరుసకు ఒక పేరు. ఆ పేరు గలవాడు ఎవరితోనూ కలిసి ఏ పనీ చేయనక్కరలేదు. పేరు ఎక్కేసరికే అతడు బడి విడిచిపోయి ఉంటాడు కూడా. అమెరికాలో గౌరవం ఒక గుంపులో చోటుగా, ఆ చోటుకు తగిన కొన్ని బాధ్యతలుగా దక్కితే, ఇక్కడ గౌరవం ఒంటరిది, పలక మీది వరుసకు పరిమితమైనది.

అయితే ఆ లోటును బడిలోని సంఘాలు మరో విధంగా తీర్చాయి. సారస్వత సంఘంలో చేరడానికి మార్కులతో నిమిత్తం లేదు. వారాంతాన ఆఖరి పీరియడులో బల్లలు గోడవారకు జరిపి, ఎవరింటినుంచో తెచ్చిన దుప్పటి మేజామీద పరచి, మంచినీళ్ల కూజా, గ్లాసు, గంట పెట్టి సమావేశం జరిపేవారు. తెలుగు మాస్టారు అధ్యక్షుడు, విద్యార్థుల్లో ఒకడు కార్యదర్శి. కార్యదర్శి గత సమావేశపు నివేదిక చదవాలి, వక్తలను పేరుపేరునా పిలవాలి, చివర వందన సమర్పణ చేయాలి. ఉపన్యాసానికి కేటాయించిన వ్యవధి ముగియవస్తుండగా హెచ్చరికగా ఒక గంట, ముగియగానే రెండో గంట మోగేవి. రెండో గంట తర్వాత కూడా మాట్లాడేవాడికి మార్కులు తగ్గేవి. కలం గొప్పదా కత్తి గొప్పదా, పల్లె మేలా పట్నం మేలా, విద్య ఘనమా ధనం ఘనమా అన్న విషయాల మీద రెండు పక్షాలు వాదించుకునేవి. ధనం పక్షాన నిలబడవలసిన కుర్రవాడికి నెగ్గే ఆశ ఉండేది కాదు. చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే విద్యే గెలుస్తుందని అందరికీ ముందే తెలుసు. ఓడిపోయే పక్షాన్ని సభలో నిలబడి సమర్థించడం, ఓడాక అధ్యక్షునికి నమస్కరించి కూర్చోవడం నేర్పిన చోటుగా ఈ సంఘాలకు వాటి చర్చల్లోని సరుకు కంటే ఎక్కువ విలువ ఉంది.

ఈ మర్యాదలను బడి సొంతంగా కనిపెట్టలేదు. డెల్టా పట్టణాల్లో పెద్దలు నడిపిన సభలను పిల్లలు చిన్న కొలతలో తిరిగి కట్టుకున్నారని చెప్పడమే సబబు. బెజవాడలో (నేటి విజయవాడలో) 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అక్కడే అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. బందరు (మచిలీపట్నం)లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖకు తరలకముందు బెజవాడలోనే మొదలైంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. వీటన్నిటికీ ముందు అవధానం ఉంది. పృచ్ఛకులు అడిగిన సమస్యలకు సభామధ్యంలో ఆశువుగా పద్యాలు చెప్పే ఈ విద్యను జంటకవులైన తిరుపతి వేంకట కవులు ఊరూరా తిప్పగా, వారిలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు పండితుడుగా పనిచేశారు. ఆయన దగ్గర చదువుకున్న విశ్వనాథ సత్యనారాయణ తర్వాత విజయవాడలో, 1937లో ఏర్పడిన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో తెలుగు చెప్పారు. ప్రతిభ అంటే నలుగురి ఎదుట నిలబడి నిరూపించుకునేదన్న భావం బడి సంఘాల్లోకి ఈ దారినే చేరింది.

విశ్వనాథ పనిచేసిన ఆ కళాశాలలోనే విద్యార్థి నాటకాల చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టం జరిగింది. ఆడపిల్లలు నాటకాలాడని కాలం కావడంతో స్త్రీపాత్రలు కుర్రవాళ్లే వేసేవారు. ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో నాగమ్మ పాత్ర నందమూరి తారక రామారావుకు వచ్చింది. మీసం తీయడానికి ఆయన ససేమిరా అనడంతో నాగమ్మ మీసంతోనే రంగం మీదికి వచ్చి, ‘మీసాల నాగమ్మ’ అన్న పేరు సంపాదించుకుంది. తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుతూ రామారావు మిత్రులతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ గ్రూప్ అనే నాటక సమాజం నడిపారు. సినిమాల్లో స్థిరపడ్డాక సొంత నిర్మాణ సంస్థకు నేషనల్ ఆర్ట్ థియేటర్ అన్న పేరే పెట్టుకున్నారు. విద్యార్థి సంఘం పేరు సినిమా తెర దాకా నడిచిన సందర్భాలు తెలుగునాట అరుదు.

యూనిఫారం సంఘాల కథ వేరు. ఇవి పైనుంచి దిగివచ్చినవి. స్వాతంత్ర్యానికి ముందు విడివిడిగా ఉన్న స్కౌటు సంస్థలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమయ్యాయి. హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫారసుల మీద 1948లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి.లో కళాశాలలకు సీనియర్ డివిజన్, బడులకు జూనియర్ డివిజన్ ఉండేవి. చైనా యుద్ధం దరిమిలా 1963లో దాన్ని కళాశాల విద్యార్థులకు తప్పనిసరి చేసి, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరు, అద్దంలా తోమిన ఇత్తడి బకిలు, సావ్‌ధాన్, విశ్రామ్ అన్న హిందీ ఆజ్ఞలు, పరేడు ముగిశాక దొరికే ఫలహారం. ఇందులో చివరిదాని ఆకర్షణ తక్కువేమీ కాదు. పుష్కరాల్లో ఘాట్ల దగ్గర జనాన్ని అదుపుచేయడంలో, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సహాయ కార్యక్రమాల్లో విద్యార్థి స్వచ్ఛంద సేవకులు అక్కరకు వచ్చారు.

ఈ చిత్రంలో వెలితులూ ఉన్నాయి. బడి వదలగానే పొలానికో పశువుల దగ్గరికో పరుగెత్తవలసిన పిల్లవాడికి సాయంత్రపు రిహార్సళ్లు అందేవి కావు. బాలబాలికలు కలిసి చదివే బడుల్లో ఆడపిల్లలు సభలో శ్రోతలుగానే ఎక్కువ కాలం మిగిలారు. అమెరికా పల్లెబడిలో ఫ్యూచర్ ఫార్మర్స్ సంఘపు నీలి జాకెట్టు గర్వకారణం కాగా, రైతుబిడ్డలతో నిండిన డెల్టా బడిలో చదువు పొలం విడిచిపోయే దారిగానే కనిపించింది; ఇది బడి తప్పు అనడం కంటే ఊరి కోరిక అనడం నిజానికి దగ్గర.

1952–53లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ పాఠ్యేతర కార్యక్రమాలు చదువులో అంతర్భాగమని గట్టిగా చెప్పింది. అంతర్భాగమైనదానికి పబ్లిక్ పరీక్షలో మార్కులు లేకపోవడంతో, పరీక్షల ఒత్తిడి పెరిగిన కొద్దీ ముందుగా కోతపడింది ఆ ఆఖరి పీరియడే. 1972–73లో ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమంతో కోస్తా జిల్లాల కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. 1980ల ద్వితీయార్ధం తర్వాత కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు కూడా ఆగిపోయాయి. ఇంటర్మీడియట్‌కు, ఇంజనీరింగ్, వైద్య విద్యల ప్రవేశ పరీక్ష అయిన ఎంసెట్ శిక్షణకు విజయవాడ కేంద్రమయ్యాక, కొయ్య పలక మీది ఒక్క పేరు పోయి, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనల్లో తపాలా బిళ్లంత ఫొటోలు, వాటి కింద హాల్‌టికెట్ నంబర్లు, ర్యాంకులు వచ్చాయి. ఒకే పేజీలో ఉన్న అంతమంది ఒకరితో ఒకరు ఒక్క సమావేశమైనా జరిపి ఉండరు. ఇదే డెల్టానుంచి వలసవెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు మాత్రం అక్కడి హైస్కూళ్లలో నేషనల్ ఆనర్ సొసైటీ సభ్యత్వం కోసం సేవా గంటలు లెక్కవేసుకుంటున్నారు.

పాత బడి సంఘాలను గురించి నేడు తెలుసుకోవడానికి ఆధారాలు రెండే రకాలు: కార్యదర్శులు స్వదస్తూరితో రాసిన మినిట్సు పుస్తకాలు, వార్షికోత్సవాలకు అచ్చువేసిన సంచికలు. మొదటివి బడి అటకల మీద చెదలపాలవుతున్నాయి. రెండోవి తాతల ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు సర్దేటప్పుడు అలాంటి సంచిక చేతికి తగిలితే పాత కాగితాలవాడికి వేయకుండా దగ్గరలోని గ్రంథాలయానికి అందజేయాలని పాఠకులకు మనవి.