మీకు తెలుసా? బేలుం గుహల్ని తొలిచింది వాన నీరే

రాయలసీమ ఇళ్లలో కాళ్లకు చల్లగా తగిలే నాపరాయి సున్నపురాయే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న బేలుం గుహల గోడలూ ఆ జాతి నల్ల సున్నపురాయే. భూమ్మీద ఇంకా చేపలు కూడా పుట్టని రోజుల్లో, సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్న రాయి అది.

అంత గట్టి రాతిని నీళ్లెలా తొలిచాయి? కార్బన్ డయాక్సైడ్‌కు మన పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని పేరు. ఇక్కడ పని చేసింది ఆ పులుపే. వాన నీరు మట్టిలోకి ఇంకుతూ ఈ వాయువును కలుపుకొంటుంది, లేత ఆమ్లమవుతుంది. రాతి పగుళ్లలోకి దిగి సున్నాన్ని ఇంతింతగా కరిగించుకుపోతుంది. వెంట్రుకవాసి సందు లక్షల ఏళ్లలో మనిషి నడిచే దారి అవుతుంది. బేలుంలో గోడల మీద చెయ్యి పెట్టి చూడండి. ఏటి ఒడ్డు గులకరాయిలా నున్నగా, ఒంపులు తిరిగి ఉంటాయి.

ఆ నీరే మళ్లీ రాయిని కడుతుంది కూడా. పైకప్పు నుంచి జారే బొట్టులోని వాయువు గుహ గాలిలో కలిసిపోగానే, కరిగిన సున్నం అక్కడే పేరుకుంటుంది. కోటిలింగాల గదిలో వేలాడే రాతి ఊడలు అలా పుట్టినవే. సప్తస్వరాల గుహలో కొన్నిటిని వేలి కణుపుతో తడితే లోహం మోగినట్టు మోగుతాయి.

ఈ గుహల గురించి 1884లో తొలిసారి రాసిపెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. పల్లవరంలో 1863లో రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశపు ఆదిమానవుడి చరిత్రకు తలుపు తెరిచిన భూగర్భ శాస్త్రవేత్త ఈయనే. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలి దారుల్ని వివరంగా కొలిచింది. లెక్క 3,229 మీటర్లు తేలింది. మేఘాలయ గుహల్ని పక్కన పెడితే, మన దేశపు మైదాన ప్రాంతాల్లో ఇంత పొడవైన గుహ మరొకటి లేదు.

పైనుంచి చూస్తే చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గోతులే. లోపలికి దిగగానే ఒళ్లంతా చెమట పడుతుంది. అందుకే సందర్శకులు తిరిగే సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర గొట్టాలతో గాలి పంపుతున్నారు. అన్నిటికన్నా లోతు పాతాళగంగ, 46 మీటర్లు. అక్కడ ఓ సన్నటి నీటిపాయ కాసేపు కనిపించి రాతి కిందికి మాయమవుతుంది. అది బేలుం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఒక నిమిషం మాటలాపి నిలబడితే నీటి చప్పుడు వినిపిస్తుంది. రాతిని తొలిచే పని ఇంకా ఆగలేదు.