మన మేడకు పిట్టగోడ ఏది?

వేసవి సెలవులు రాగానే మన సంఘాలలో వి.బి.యస్. జరగడం మీకు తెలిసినదే. పాటలు, కంఠత వాక్యాలు, ఆఖరి రోజు బహుమతులు. ఆత్మకూరు ప్రాంతంలోని మా సంఘంలో ఈసారి రోజుకొక గంట ఇల్లు కట్టే విధానం గురించి పిల్లలకు చెప్పాము. "బైబిలు మాని ఈ మేస్త్రి పనులేంది అయ్యగారూ?" అని ఒక సంఘ పెద్ద అడిగారు. ఓడ కొలతలు చెప్పింది బైబిలే గదా అన్నాను.

నోవహు ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. ఎండిన చెరువులోకి తీసుకుపోయి పొడవు కొలవమన్నాను. చిన్నపిల్లలు మోచేతులతో కొలిచిన ఓడ పొట్టిదైపోయింది. మేస్త్రి కొలిచినది తుమ్మచెట్ల దాకా సాగింది. ఎవరి ఓడ నిజమైనదని పెద్ద తగాదా! చివరకు మూరకు 18 అంగుళాలని ఒప్పుకొని, టేపుతో 450 అడుగులు కొలిచాము. అందరికీ ఒకే కొలత ఎందుకుండాలో నేను బోధించే పని లేకపోయింది.

ఒకరోజు ఉదయగిరి వెళ్ళాము. 1514లో ఆ దుర్గాన్ని పట్టుకోవడానికి ముందు శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేయవలసి వచ్చింది. నిట్టనిలువు కొండను చూడగానే పిల్లలకు కారణం అర్థమైంది. అయితే వారిని ఎక్కువగా ఆకట్టుకున్నది కోట కాదు, చెక్క గరిటెలు. నర్ది, బిక్కి వంటి అడవి చెక్కతో చేసే ఈ గరిటెలకు, చెంచాలకు 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. నార పోయిన వైపే కాడ తీయాలి, అడ్డంగా తీస్తే విరుగుతుంది. చేతికి ఒదగని గరిటె ఎంత అందంగా ఉంటే మాత్రం ఏమి లాభం?

తరువాత ఎవరి ఇంటి పటం వారు గీశారు. చాలా వంటిళ్ళకు కిటికీ లేదు. అమ్మ పొగలో దగ్గుతూ వండుతుందని ఒక బాబు పటం పక్కనే రాశాడు.

ఆఖరి రోజు ద్వితీయోపదేశకాండము 22:8 చదివాము. కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టించాలని, లేకుంటే పడిపోయినవాని రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని అక్కడున్నది. అయిదో తరగతి పాప లేచి, "అయ్యగారూ, మన మేడకు పిట్టగోడ ఏది?" అన్నది. మా మందిరం పక్కనున్న హాలు మేడ మీదనే ఆ పది రాత్రులూ పిల్లలను పడుకోబెట్టాము. పన్నెండేండ్లుగా అదే చేస్తున్నాము. నాకు నోట మాట రాలేదు.

ఆ ఆదివారమే కమిటీ కూర్చున్నది. కొత్త మైకు సెట్టుకు కూడబెట్టిన సొమ్ము గోడకు మళ్ళించాము. ఒకరిద్దరు ఇంకా అలిగే ఉన్నారు. ఇటుక దిగింది. ఎత్తు 3 అడుగులన్నాడు మేస్త్రి. అంటే రెండు మూరలు. ఎవరి మూరలని ఆ పాప అడుగుతోంది.