మంచం, భోజనం, గ్రంథాలయం

1921 నవంబరు. హైదరాబాద్‌లో అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ మహాసభ జరుగుతోంది. అధ్యక్ష పీఠంపై మహర్షి కర్వే ఉన్నారు. వక్తలు ఇంగ్లిష్‌లోనో ఉర్దూలోనో మరాఠీలోనో మాట్లాడి కూర్చుంటున్నారు. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, వెక్కిరింతలు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టాలి, విద్యార్థులకు అండగా నిలవాలి అన్నవి వారు మొదట్లోనే రాసుకున్న పనుల్లో ఉన్నాయి.

వకీలు గతే అలా ఉంటే, చదువుకోసం పల్లె వదిలి వచ్చిన కుర్రాడి సంగతి వేరే చెప్పాలా? ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. నాంపల్లి స్టేషన్‌లో దిగినవాడికి ఊరితోపాటు భాషా మారిపోయేది. బెజవాడ వైపు నుంచి వచ్చినవాడికైతే జేబులో డబ్బులు కూడా మార్చుకోవాల్సి వచ్చేది. ఇక్కడ చెలామణీలో ఉన్నది నిజాం వారి హాలీ సిక్కా.

ఇలాంటి కుర్రాళ్లు తరగతి గదిలో నేర్చుకున్నదెంత, బయట నేర్చుకున్నదెంత అని లెక్క తీస్తే, బయటి లెక్కే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ బయటి చదువు చాలావరకు కోఠీ, అబిడ్స్, నాంపల్లి మధ్య ఒక గంటలో నడిచి రాగల మేరలో సాగింది.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. తర్వాత అది సుల్తాన్ బజార్‌లో సొంత భవనంలో స్థిరపడింది. దాని వెనకున్న ముఖ్యుల్లో కొమర్రాజు లక్ష్మణరావు నాగపూర్‌లో చదువుకుని వచ్చినవారు. రాజా నాయని వెంకటరంగారావు మునగాల జమీందారు. మునగాల చుట్టూ నిజాం రాజ్యమే అయినా, ఆ పరగణా మాత్రం బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందింది. అంటే ఈ గ్రంథాలయం పుట్టుకలోనే సరిహద్దులు దాటి వచ్చిన మనుషులున్నారు. మనుషులతోపాటు పుస్తకాలూ సరిహద్దులు దాటాయి. 1906లో ఇక్కడే పుట్టి ఆ తర్వాత మద్రాసుకు తరలిన విజ్ఞానచంద్రికా మండలి వేసిన మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. పేద రైతు కుటుంబంలో పుట్టి దేశాధ్యక్షుడైన అమెరికా వాడి కథను నల్లగొండ కుర్రాడు తెలుగులో చదవగలగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అయితే గ్రంథాలయానికి రావాలంటే ముందు నగరంలో తల దాచుకునే చోటుండాలి. ఆ లోటు తీర్చింది అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో, సంస్థానాధీశులు, దొరలు ఇచ్చిన విరాళాలతో అది మొదలైంది. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన నగర కొత్వాలు అయ్యారు. నిజాం పోలీసు అధిపతి పెంచిన హాస్టల్ నుంచి నిజాంకు ఎదురు తిరిగినవాళ్లు బయటికి రావడం చరిత్ర ఆడిన చమత్కారం. అక్కడ ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తెలంగాణ సాయుధ పోరాట నాయకుడయ్యారు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.

ఆ హాస్టల్‌ను ఉత్త భోజనశాలగా మిగలనివ్వకుండా చూసిన మనిషి సురవరం ప్రతాపరెడ్డి. కర్నూలులోనూ మద్రాసులోనూ చదివి వచ్చిన ఆయన హాస్టల్ బాధ్యతలు చూస్తూనే గ్రంథాలయాన్ని పట్టుబట్టి పెంచారు. కుర్రాళ్లకు వ్యాయామం నేర్పడమూ ఆయనకు ఇష్టమే. 1926లో గోలకొండ పత్రిక మొదలయ్యాక, పాఠ్యపుస్తకాల్లో లేని తెలంగాణ ఆ పత్రికలో అచ్చయింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. వార్డెనే సంపాదకుడైతే హాస్టల్ గదుల్లో రాత్రిపూట వాదోపవాదాలు ఏ తీరున ఉండేవో ఊహించుకోవచ్చు.

ఒక మాట చెప్పి తీరాలి. పేరులోనే కులం ఉన్న హాస్టల్ అది. మంచం, భోజనం అందరికీ సమానంగా దొరకలేదు. దళిత పిల్లల కోసం భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టారు. అంతకు ముందే, 1906లోనే ఆయన జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో పెద్దవాళ్లకు లోకజ్ఞానం చెప్పించారు. అక్షరం రానివాడికి హరికథే తరగతి గది. అమ్మాయిల సంగతీ అంతే. హాస్టళ్ల చరిత్రలో వాళ్ల పేజీ చాలా ఆలస్యంగా తెరుచుకుంది.

చాయ్ కప్పు చుట్టూ సాగిన చదువు ఇంకొకటి. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పెట్టిన హోటళ్లలో ఒక కప్పు తాగి గంటలకొద్దీ కూర్చున్నా లేవమనేవారు కాదు. అబిడ్స్ ఓరియంట్ హోటల్ కవులకు, విద్యార్థులకు అడ్డాగా ఉండేది. మెదక్ జిల్లా అందోలు నుంచి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ అక్కడి బల్లల దగ్గర సాహిత్యాన్నీ రాజకీయాన్నీ కలిపి మాట్లాడేవారు. అసలు అబిడ్స్ అన్న పేరే పరాయివాడిది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన పెట్టిన దుకాణం వల్ల వచ్చిందంటారు.

1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపించారు. వారికి తలుపు తీసింది రాజ్యం సరిహద్దుకు అవతలి నాగపూర్ విశ్వవిద్యాలయం. అలా సరిహద్దు దాటినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. తర్వాత పుణేలోనూ నాగపూర్‌లోనూ చదివి, మరాఠీని సొంత భాషంత బాగా పట్టుకున్నారు. శిక్ష అనుకున్నది ఆయనకు విద్యగా మారింది.

సరిహద్దు దాటి వెళ్లి, కలిసి ఉంటూ నేర్చుకునే ఇలాంటి చదువును యూరప్ ఇప్పుడు పద్ధతిగా నడుపుతోంది. ఎరాస్మస్ ప్లస్ పథకం కింద 13 నుంచి 30 ఏళ్ల యువత వేర్వేరు దేశాల నుంచి వచ్చి 5 నుంచి 21 రోజులు ఒకచోట కలిసి ఉంటారు. తరగతులుండవు, పరీక్షలుండవు. వంట, నాటకం, చర్చ, ఊళ్లో ఏదైనా పని. నేర్చుకున్నదాన్ని తామే రాసుకుంటే యూత్‌పాస్ అనే పత్రం ఇస్తారు. వలస వచ్చిన యువతను స్థానికులతో కలపడానికి ఈ దారి బాగా పనికొస్తుందని అక్కడివారి నమ్మకం. మన దగ్గర ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ కింద తెలంగాణకు హర్యానాను, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను జోడీ చేశారు. నెహ్రూ యువ కేంద్రాలు అటవీ ప్రాంతాల గిరిజన యువతను కొద్దిరోజులపాటు నగరాలకు తీసుకొస్తూ వచ్చాయి. ఆలోచన మంచిదే. కానీ ఫొటోలకు ఎక్కువ, పరిచయాలకు తక్కువ సమయం మిగిలితే ఫలితం ఏముంటుంది? రెడ్డి హాస్టల్‌లో కుర్రాళ్లు ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు.

పరీక్ష కావాలనుకునేవారికీ ఇక్కడ దారి దొరికింది. 1943లో రెడ్డి హాస్టల్‌లోనే పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఇప్పటి తెలంగాణ సారస్వత పరిషత్తు. ఉర్దూ మాధ్యమ కాలంలో అది ప్రవేశ, విశారద వంటి పరీక్షలు పెట్టి, బడిలో తెలుగు దొరకనివారికి తెలుగు పట్టా ఇచ్చింది. బడి బయటివారికి పరీక్ష పెట్టే పని ఇవాళ సార్వత్రిక పాఠశాల చేస్తోంది. 14 ఏళ్లు నిండితే బడి మధ్యలో మానేసినవారు కూడా పని చేసుకుంటూ పదో తరగతి రాయొచ్చు.

ఇప్పటి వలస యువత మకాం అమీర్‌పేట, అశోక్‌నగర్, కూకట్‌పల్లి. అక్కడ గదికి నాలుగు మంచాలు, కింద కర్రీ పాయింట్, వైఫై పాస్‌వర్డ్. పఠన మందిరం ఉందా అని అడిగేవారు లేరు. అయినా ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వచ్చేవాళ్లలో వీళ్లు ఎక్కువే. షట్టర్లు దించిన దుకాణాల ముందు పరదాలు పరిచి గ్రూప్స్ గైడ్లు, పాత నవలలు, అట్ట ఊడిన రాపిడెక్స్ ఇంగ్లిష్ పుస్తకాలు పోస్తారు. “ఎంతన్నా?” “నూట యాభై.” “వందకియ్యి అన్నా, లోపల అన్నీ గీతలే.” “గీతలుంటే నీకే మంచిది తమ్ముడూ, ముఖ్యమైనవి ఎవడో ముందే చదివి పెట్టిండు.” బేరం నూట ఇరవై దగ్గర తెగుతుంది.

పుస్తకం దొరుకుతోంది. దాని గురించి వాదించుకోవడానికి నలుగురు కూర్చునే చోటే తగ్గిపోయింది. సాహిత్య సభలు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ జరుగుతున్నాయి, కుర్చీలు మాత్రం ఎక్కువగా పెద్దవాళ్లతోనే నిండుతాయి. కారణం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సభ సాయంత్రం ఆరింటికి అంటారు, ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు, అసలు ప్రసంగం ఎనిమిదికి అందుకుంటుంది. అమ్మాయిల హాస్టల్‌లో గేటు చాలాచోట్ల తొమ్మిదికో పదికో పడిపోతుంది. అదే సభ ఆదివారం పొద్దున పదకొండింటికి పెడితే, పుస్తకాల కోసం ఎలాగూ అబిడ్స్ వచ్చేవాళ్లలో కొందరైనా సంచీ భుజాన వేసుకుని లోపలికి వస్తారు.