ఎంసీబీకి కనపడని 24 వాట్లు

మా హాస్టల్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి నడిచిపోవచ్చు. చలికాలంలో గీజర్ దగ్గర వంతు దొరకాలంటే పొద్దున్నే అయిదింటికి లేవాలి. అది మనవల్ల కాదు కాబట్టి నేనూ మా రూమ్మేటూ డబ్బులు కలిపి ఒక 1500 వాట్ల రాడ్ కొన్నాం. అదేనండి, బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్. ప్లగ్ పాయింట్ మంచం వెనక ఉంది. అందుకని ఒక ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్కడే ఫుట్‌పాత్ మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా తెచ్చుకున్నాం. సన్నటి పురి వైరు, అయిదు మీటర్లు.

మూడో వారంలో రూమంతా ప్లాస్టిక్ కాలిన వాసన. రాడ్ ప్లగ్ దూర్చిన చోట బాక్స్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడిపోయింది. విచిత్రం ఏంటంటే ఎంసీబీ పడలేదు. లైట్ కూడా ఆగలేదు.

నేను సీఎస్‌ఈ. కరెంటు అంటే ల్యాప్‌టాప్ చార్జింగ్ వరకే. కానీ పదో తరగతి ఫార్ములాలు రెండు గుర్తున్నాయి. వోల్టేజీని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే నిరోధం. వోల్టేజీని కరెంట్‌తో గుణిస్తే పవర్. (పవర్‌ని మా రూమ్మేట్ పుస్తకంలో సామర్థ్యం అనేవారట. ఈ మాట నాకు ఈ వ్యాసం రాస్తుంటేనే తెలిసింది.) మరి లెక్క ప్రకారం అంతా బాగుంటే బాక్స్ ఎందుకు కాలింది? ఆ బాక్స్ పట్టుకుని ఈఈఈ సీనియర్ అన్న దగ్గరికి వెళ్ళాను. ఇంటి కరెంట్ మీద మీటర్లు పెట్టడం మనంతట మనం చేసే పని కాదు. ల్యాబ్‌లో, సార్ ఉండగా, ఆయనే కొలిచారు.

ముందు కాగితం మీద లెక్క. 1500 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే 6.5 ఆంపియర్లు. 230ని 6.5తో భాగిస్తే రాడ్ నిరోధం సుమారు 35 ఓంలు. ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో రాడ్‌ని కొలిస్తే 34 చూపించింది. దగ్గరగానే ఉంది. అన్ని వస్తువులూ ఇంత నిజాయితీగా ఉండవు. పాత వంద వాట్ల ఫిలమెంట్ బల్బుకి లెక్కలో 529 ఓంలు వస్తుంది, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే నలభై దగ్గరే ఆగుతుంది. వెలిగి తెల్లగా కాగితేనే దాని నిరోధం అంత పెరుగుతుంది.

తర్వాత రాడ్ బకెట్లో పెట్టి స్విచ్ వేశారు. వైరు చుట్టూ క్లాంప్ మీటర్ వేస్తే సున్నా! నేను కంగారు పడ్డాను, అన్న నవ్వారు. రెండు తీగలూ కలిపి పట్టుకుంటే వెళ్ళే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పురి విప్పి ఒక్క తీగకే వేస్తే 6.2 ఆంపియర్లు వచ్చింది. గోడ సాకెట్ దగ్గర 225 వోల్టులు, ఎక్స్‌టెన్షన్ చివర 219. 219ని 6.2తో భాగిస్తే మళ్ళీ 35 ఓంలే. రాడ్ తప్పేం లేదు.

మరి మధ్యలో 6 వోల్టులు ఎక్కడికి పోయాయి? 6ని 6.2తో భాగిస్తే దాదాపు ఒక ఓం. 6ని 6.2తో గుణిస్తే 37 వాట్లు. అంటే మా ఎక్స్‌టెన్షన్ తనే ఒక చిన్న హీటర్.

అందులో వైరు వాటా ఎంత? 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పోను రాను కలిపి పది మీటర్లు. రాగి లెక్కన 0.34 ఓంలు, అంటే 13 వాట్లు. అది పది మీటర్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి వైరు గోరువెచ్చగా ఉంటుంది, అంతే. చుట్ట చుట్టి పెడితే మాత్రం వేడి బయటికి పోదు. మిగిలిన 24 వాట్లూ బాక్స్ లోపలి వదులైన ఇత్తడి క్లిప్పుల దగ్గరే పుడుతున్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో ప్రాజెక్టులకని మనం కొనే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. సీసం కరిగించేది అదే. దాన్నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పక్కన పడుకున్నాం మేం.

ఎంసీబీ ఎందుకు పడలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి స్టాళ్ళు తగలబడ్డప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, టీవీలో చూశాను. షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుందని అన్నారు. ఏ అగ్ని ప్రమాదం వార్తలోనైనా ఇదే మాట వింటాం. షార్ట్ అంటే నిరోధం దాదాపు సున్నాకి పడిపోవడం. అప్పుడు కరెంట్ వందల ఆంపియర్లు దాటుతుంది, ఎంసీబీ వెంటనే పడుతుంది. మాది దానికి తిరగబడ్డ కేసు. క్లిప్పు వదులైతే నిరోధం పెరిగింది, కరెంట్ కొద్దిగా తగ్గింది కూడా! 16 ఆంపియర్ల ఎంసీబీ 6.2 చూసి ఏం అనుకుంటుంది? అంతా బాగుందనే. అది కరెంట్‌ని లెక్కపెడుతుంది తప్ప వేడి ఎక్కడ పుడుతోందో చూడదు.

పైగా క్లిప్పు కాలుతున్న కొద్దీ నల్లబడి ఇంకా నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అందుకే రెండు వారాలు ఏమీ లేదు, మూడో వారం వాసన.

కొత్తది కొనడానికి ట్రూప్ బజార్ వెళ్ళాం. షాపాయన మొదట అడిగింది రేటు గురించి కాదు. "ఏం పెడ్తరు దీనికి? రాడా? గట్ల చెప్పుండ్రి మరి. పతలా వైర్ ఒద్దు. ఎర్త్ లేకుంట నీళ్ళల్ల రాడ్ ఎట్ల పెట్టిన్రు?" అన్నాడు. నిజమే, పాతదాంట్లో రెండే తీగలు. ఇన్ని లెక్కలు వేసి అది మాత్రం మేం చూడలేదు. 16 ఆంపియర్ల సాకెట్, 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరు ఇచ్చాడు. అన్న మళ్ళీ కొలిస్తే ఎక్స్‌టెన్షన్ చివర 224 వోల్టులు. పోయింది ఒక్క వోల్టు.

ఇప్పుడు నీళ్ళు కాగాక స్విచ్ ఆపి, ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడటం అలవాటైంది. మొన్న పక్క రూమ్‌లో వాళ్ళ ప్లగ్ కూడా పట్టుకు చూశాను. వేడిగా ఉంది. ఆదివారం వాళ్ళని ట్రూప్ బజార్ తీసుకెళ్తున్నాను.