క్రొత్త బడి – తల్లిదండ్రుల వెరపు

పసిబిడ్డను ఇంటిచెంతనున్న బడి మాన్పించి దూరమునందలి క్రొత్త ప్రాంగణమునకు పంపుడనినప్పుడు తల్లి అడుగు మొదటి ప్రశ్న చదువును గూర్చినది కాదు, దారిని గూర్చినది. ఈ ప్రశ్నను పామరుల భయమని త్రోసివేయు అలవాటు అధికారవర్గమున తరచు కానవచ్చుచున్నది. అది వట్టి భయము కాదనియు, ఆ దారిని ప్రతిదినము ఎరిగినవారి తెలివియే అనియు మా అభిప్రాయము.

ఆంధ్రప్రదేశమున ఈ ప్రశ్న 2022వ సంవత్సరమున తీవ్రరూపము దాల్చినది. ఆ యేటి జూన్ నెలలో రాష్ట్రప్రభుత్వమువారు 117వ నంబరు ఉత్తరువును వెలువరించి, ప్రాథమిక పాఠశాలలలోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపల నున్న ఉన్నత పాఠశాలలతో కలుపబూనిరి. జూలై 5వ తేదీన బడులు తెరచునప్పటికి పెక్కు గ్రామములలో తల్లిదండ్రులు బడివాకిట గుమిగూడి, తమ బిడ్డలను కదల్పవలదని పట్టుపట్టిరి. 2025వ సంవత్సరమున ఆ ఉత్తరువు రద్దయినది. తరగతికొక ఉపాధ్యాయుడుండునట్లు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పు పద్ధతి దాని స్థానమున వచ్చినది. పద్ధతి మారినను ప్రశ్న మారలేదు. పలుచోట్ల పిల్లలను ఒకచోటికి చేర్చినప్పుడెల్ల ఎవరో కొందరికి దారి పెరుగక తప్పదు.

ప్రభుత్వమువారి వాదమున న్యాయము లేకపోలేదు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులకు పాఠము చెప్పుచు, మధ్యాహ్న భోజనపు లెక్కలు వ్రాయుచు, ఉత్తరప్రత్యుత్తరములు నడపుచున్నచోట బిడ్డకు చదువబ్బుట దుర్లభము. తరగతికొక గురువును, ఆటస్థలమును, గ్రంథాలయమును కావలెనన్న పిల్లలు కొంత సంఖ్యలో ఒకచోట చేరవలసినదే. ఇంటిచెంత నున్నంతమాత్రమున చదువులేని బడి మంచిది కానేరదు. కాని చదువున్న బడికి పోవు త్రోవ అపాయకరమైనచో ఆ చదువు బిడ్డకు దక్కదు.

ఆత్రేయపురము తావును పరికింపుడు. ధవళేశ్వరమున కావలి యొడ్డున బొబ్బర్లంక. అచటినుండి రావులపాలెమునకు పోవు బాటమీద ఆత్రేయపురము. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్ట ఈ సీమకు అన్నము పెట్టినది. ఆ ఆనకట్టనుండి వచ్చు కాలువలే, లొల్ల లాకులవంటి చోట్ల చూడముచ్చటగొల్పు ఆ నీరే, గట్టువెంబడి నడచు ఆరేండ్ల బిడ్డకు ప్రమాదహేతువు. పటముమీద గీత గీచిన కాలువకు ఆవలి బడి కిలోమీటరు లోపలనే యుండును. వంతెన చుట్టిపోయిన దూరము వేరు. మరియు శనివారము బడిదినము. ఆ దినముననే వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనమునకు భక్తజనము వెల్లువగా వచ్చును. కార్లును, ఆటోలును, బస్సులును బాట నిండ సాగును. కార్యాలయమున కొలచిన దూరమునకు ఈ సంగతులు తెలియవు, తల్లికి తెలియును.

గోదావరి సంగతి మరువరాదు. 2022 జూలైలో బడులు తెరచి రెండు వారములైనను నిండకమునుపే ధవళేశ్వరమునొద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటి, కోనసీమ లంకలు జలమయమైనవి. నదీగర్భమున కాపురముండువారి బిడ్డలకు వానకాలమున కిలోమీటరనగా నేమి?

బిడ్డ వెంట పెద్దలు పోరాదా యని కొందరందురు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది, మనమందరము గర్వించితిమి. కాగిన కుండమీద పలుచని పిండిని గుడ్డతో పరచి రేకుతీయు స్త్రీ పొద్దుటినుండి పొయ్యి విడిచి కదలజాలదు. కూలికి పోవు దంపతులు తెల్లవారకమునుపే చేనికి పోవుదురు. అట్టివారి బిడ్డలు ఒంటరిగానే నడువవలయును. దారి దుర్గమమైనచో మొదట బడి మానునది ఆడబిడ్డ.

ప్రాంగణముల భద్రతనుగూర్చి దేశము చెల్లించిన మూల్యము చిన్నది కాదు. 2004 జూలై 16వ తేదీన కుంభకోణమున వంటపాకనుండి లేచిన మంట ఆకుల కప్పునంటుకొని 94 మంది పసివాండ్రను బలిగొన్నది. పెక్కుమంది పిల్లలను ఇరుకైన కట్టడమున కుక్కినందువలన ఆ ఘోరము ఇనుమడించినది. పిదప 2009లో సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలల అగ్నిభద్రతను గూర్చి శాసింపవలసివచ్చినది. 2014 జూలైలో మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద కాపలాలేని రైలుగేటున బడిబస్సును రైలు ఢీకొనగా పిల్లలనేకులు మరణించిరి. ఇవి యన్నియు తల్లిదండ్రుల మనస్సులలో నున్నవి.

చట్టము తల్లిదండ్రుల పక్షముననే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పరిసర పాఠశాలను కోరుచున్నది; ఐదవ తరగతివరకు కిలోమీటరు నడకదూరమును నియమములు నిర్దేశించినవి. వారు వ్రాసినది నడకదూరము. పటముమీది గీత కాదు. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆ సంఘమును కాగితముమీద సంతకములకు మాత్రమే పిలుచుట చట్టమును వెక్కిరించుట.

కావున మేము కోరునది స్వల్పము. క్రొత్త ప్రాంగణము తెరచుటకు మునుపు అధికారులు బడివేళకు, ఒక వానదినమున, ఒక శనివారమున, పిల్లలతో కలసి ఆ దారిని నడువవలెను. కాలువగట్టునకు కంచెయు, రస్తా దాటుచోట వాహనముల వేగమును తగ్గించు మిట్టలును, పిల్లలను కూర్చి తీసికొనిపోవుటకు ఒక ఆయాయు ఏర్పడవలెను. మంచినీరు, ఆడపిల్లలకు వేరు మరుగుదొడ్లు, ప్రహరీగోడ సిద్ధమైన పిదపనే గంట మ్రోగవలెను. చిన్నవారికి పెద్దపిల్లలతో త్రోపులాట లేకుండ వేరు తావుండవలెను. ఒకటి రెండు తరగతుల పసివాండ్రను ఇంటిచెంతనే యుంచుట ఉత్తమము.

మన భూస్వాములకును పట్టణవాసులకును ఒక మాట. మీ బిడ్డలు పసుపుపచ్చని బస్సులెక్కి రావులపాలెమునకో రాజమహేంద్రవరమునకో పోవుచుండవచ్చును. అందుచేత గ్రామపు బడి మనది కాదనుకొనరాదు. అధికారి మీ మాట వినును, కూలివాని మాట వినడు. సంఘసమావేశమునకు మీరు పోయి, వెనుక నిలిచిన తల్లిని ముందుకు పిలిచి మాటాడనిండు.

ఇదే గోదావరి తీరమున, ధవళేశ్వరమున, కందుకూరి వీరేశలింగముగారు 1874లో బాలికా పాఠశాలను స్థాపించిననాడు బిడ్డను పంపుడని తల్లిదండ్రులను నిర్బంధించు శాసనమేదియు లేదు. వారు నమ్మిరి, కావుననే పంపిరి. ఉత్తరువుతో బడిని కదల్పవచ్చును, నమ్మకమును కదల్పలేము. దానిని సంపాదించుకొనవలసినదే.