కార్డు పోయిందనే ముందు

తెనాలి చుట్టుపక్కల ఏ రైసుమిల్లు కాటా దగ్గరైనా ఎప్పుడో ఒకసారి జరిగేదే. లారీ కాటా ఎక్కుతుంది, ఇండికేటర్ మీద బరువు పడుతుంది, పక్కనున్న కంప్యూటర్ తెర మీద మాత్రం సున్నా. ఆ వెంటనే వినిపించే మాట ‘కార్డు పోయింది’. పాల కేంద్రంలోనూ ఇదే వరస. వెన్న శాతం చూసే యంత్రం, తూకం, రైతుకు కనిపించే డిస్‌ప్లే, చీటీ కొట్టే ప్రింటరు, ఈ నాలుగూ ఒకే కంప్యూటర్‌తో మాట్లాడాలి. ఇప్పటి కంప్యూటర్‌కు వెనక ఒక్క సీరియల్ పోర్టు ఉంటే గొప్ప. అందుకే నాలుగు పోర్టులదో ఎనిమిది పోర్టులదో కార్డు బిగిస్తారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టమన్నట్టు, సున్నా కనిపించగానే ఆ కార్డు పీకి కొత్తది పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. కొత్తదీ సున్నాయే చూపిస్తుంది.

అపోహ: రెండు వైపులా తొమ్మిది పిన్నులే కదా, ఏ కేబుల్ పెట్టినా ఒకటే.

ఒకటి కాదు. కంప్యూటర్ వైపు తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 3 పంపేది, 2 వినేది, 5 గ్రౌండ్. పాత 25 పిన్నుల కనెక్టర్‌లో ఇది తిరగబడుతుంది: 2 పంపేది, 3 వినేది, గ్రౌండేమో 7. ఇక ఇండికేటర్ తయారుచేసేవాళ్లలో ఎవరి పద్ధతి వారిది. ఒకరి నోరు రెండోవారి చెవికి చేరాలి. నోటికి నోరు, చెవికి చెవి కలిపితే ఇద్దరూ అరుస్తూనే ఉంటారు, వినేవాడుండడు.

ఏది నోరో తేల్చడానికి మామూలు మల్టీమీటర్ చాలు. కేబుల్ ఊడదీసి, నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద ఉంచి, ఎర్రది 2 మీదా 3 మీదా పెట్టి చూడండి. ఈ సీరియల్ పోర్టులు మాట్లాడే పద్ధతి ఆర్‌ఎస్-232. అందులో పంపే తీగ ఊరికే ఉన్నప్పుడు మైనస్‌లో ఉంటుంది, సాధారణంగా −5 నుంచి −12 వోల్టుల దాకా. వినే పిన్ను దాదాపు సున్నా. బరువును ఆపకుండా పంపే ఇండికేటర్ అయితే అంకె ఊగుతుంది, కంగారు పడొద్దు. రెండు చివర్లలోనూ ఇలా చూసి కాగితం మీద గీసుకుంటే, కేబుల్ నేరుగా ఉండాలా అడ్డంగా మారాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

అపోహ: మూడు తీగలు కలిపితే పని అయిపోతుంది.

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. తూకానికి చాలాసార్లు మూడే చాలు. కానీ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టి ఉంటే అది 8వ పిన్ను మీద ‘పంపుకో’ అన్న సైగ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ సెట్టింగ్ అయినా తీసేయాలి, ప్లగ్గులో 7ను 8కి అయినా కలపాలి. ప్రింటర్ విషయంలో మాత్రం ఈ అడ్డదారి తొక్కకండి. కాగితం అయిపోయినా డేటా వచ్చిపడుతూనే ఉంటుంది, చీటీలు సగంలో తెగుతాయి.

అపోహ: ఆర్‌జే-45 రంధ్రం ఉందంటే అది నెట్‌వర్క్ పోర్టే.

కార్డు వెనక పట్టీ మీద ఎనిమిది తొమ్మిది-పిన్నుల కనెక్టర్లకు చోటెక్కడుంది? కొన్ని కార్డులు ఒకే పెద్ద కనెక్టర్ నుంచి జడలా విడిపోయే కేబుల్ ఇస్తాయి, కొన్ని ఆర్‌జే-45 సాకెట్లు పెడతాయి. చూడ్డానికి లాన్ సాకెట్టే, లోపల తిరిగేది సీరియల్ వోల్టేజీ. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. డిజి కంపెనీ కార్డుల్లాంటి వాటిలో సాకెట్‌కు పది పిన్నులుంటాయి. బజారులో దొరికే ఎనిమిది పిన్నుల ప్లగ్గు దూరుతుంది కానీ, అటూ ఇటూ చివర పిన్నులు ఒంటరిగా మిగిలిపోతాయి. వాటిలో ఒకటి డీసీడీ, మోడెమ్‌కు అవతలి మోడెమ్ దొరికిందని చెప్పే సిగ్నల్. అందుకే ఆ కార్డుల డ్రైవర్‌లో ‘ఆల్ట్‌పిన్’ అనే ఎంపిక పెట్టారు. అది డీసీడీ చోటునూ, డీఎస్‌ఆర్ అనే ఇంకో సిగ్నల్ చోటునూ ఒకదానికొకటి మారుస్తుంది. తీగ ముట్టుకోకుండానే ఎనిమిది పిన్నుల ప్లగ్గులోకి డీసీడీ వచ్చేస్తుంది.

అపోహ: జంపర్లు కంపెనీ పెట్టినట్టే వదిలేయాలి.

కొన్ని కార్డుల్లో 9వ పిన్ను మామూలుగా ‘రింగ్’ సిగ్నల్‌కే, జంపర్ మారిస్తే అందులోకి 5 లేదా 12 వోల్టుల కరెంటు వస్తుంది. పాత మిల్లులో వాడిన కార్డు తెచ్చుకుంటే ముందు చూడాల్సింది అదే.

అపోహ: ఆర్‌ఎస్-485 అయితే కిలోమీటరైనా రెండు తీగలు లాగితే చాలు.

రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువుల మీద సెన్సర్లు పెట్టేవాళ్లు ఎక్కువగా నమ్మేది ఈ మాటే. ఆర్‌ఎస్-232కు 1969 నాటి ప్రమాణం చెప్పిన దూరం 50 అడుగులు, అంటే 15 మీటర్లు. దూరాలకు వాడే సీరియల్ పద్ధతి ఆర్‌ఎస్-485 తక్కువ వేగంలో దాదాపు 1200 మీటర్లు పోతుంది, ఒకే జత మీద మామూలు పరికరాలు 32 దాకా నడుస్తాయి. అంతవరకు నిజమే. అయితే లైను రెండు చివర్లలో మాత్రమే 120 ఓముల నిరోధకం ఉండాలి. పెడితే మంచిదే కదా అని ఎనిమిది పరికరాల్లోనూ ఆ స్విచ్ వేస్తే లైను మీద మిగిలేది 15 ఓములు. కార్డు అంత బరువు లాగలేదు. కరెంటు తీసేసి రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓములకు దగ్గరగా రావాలి.

‘ఎ’, ‘బి’ గుర్తులనూ గుడ్డిగా నమ్మకండి. ఒక కంపెనీ ‘ఎ’ ఇంకో కంపెనీ ‘బి’ కావచ్చు. మాట్లాడకపోతే తీగలు తారుమారు చేసి చూడండి, దానివల్ల ఏదీ కాలదు. మూడో తీగ, అంటే గ్రౌండ్, అక్కర్లేదనడం మాత్రం ప్రమాదం. చెరువు గట్టు మీది ఎర్తు, ఆఫీసు గది ఎర్తు ఒకటి కావు. ఆ తేడా −7 నుంచి +12 వోల్టుల హద్దు దాటితే చిప్పు తట్టుకోదు. పిడుగుల కాలంలో పోర్టులు నిజంగా పోయేది ఇలాంటి చోటే. అక్కడ ఐసొలేషన్ ఉన్న కార్డుకు పెట్టిన డబ్బు దండగ కాదు.

అపోహ: కార్డు మీద 1 అని ఉంటే కంప్యూటర్‌లో కామ్‌1.

ఆ నంబరు విండోస్ ఇచ్చేది. కామ్‌5 కావచ్చు, కామ్‌12 కావచ్చు. ఒక్కో పోర్టు మీద కాగితం అంటించుకోండి.

బాపట్లలో, ముఖ్యంగా సూర్యలంక వైపు, ఇంకో శత్రువుంది: ఉప్పు గాలి. పిన్నులకు చిలుము పడితే స్క్రూ ఎంత బిగించినా లాభం లేదు, శుభ్రం చేయాల్సిందే.

ఇవన్నీ చూశాక కూడా తెర మీద సున్నాయే ఉంటే, ఆర్‌ఎస్-232లో ఉన్న పోర్టు నుంచి కేబుల్ తీసేసి 2, 3 పిన్నులను చిన్న తీగతో కలపండి. టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, ఫ్లో కంట్రోల్, లోకల్ ఎకో రెండూ ఆపి, ఒక అక్షరం కొట్టండి. అది తెర మీద కనిపిస్తే ఆ పోర్టు బతికే ఉంది. తీగ తీయగానే కనిపించడం మానేయాలి, అది కూడా చూసుకోండి. కలిపినా రాకపోతే, పక్క పోర్టులోనూ రాకపోతే, డ్రైవర్ సరిగానే ఉంటే, అప్పుడు అనండి కార్డు పోయిందని.